పెద్ద టైర్లు.. హైవేపై ఎంత భద్రం?

* జీపులకు సైజు మించిన టైర్లు బిగిస్తే తప్పు చూపే స్పీడో మీటరు
* బ్రేకు, స్టీరింగు, మైలేజీలపై ప్రభావం
* ఇసుకలో మేలు.. తారు రోడ్డుపై జాగ్రత్త

అనంతపురం: హగరి ఇసుకలోనైనా, ఉరవకొండ నల్లరేగడి బురదలోనైనా కూరుకుపోకుండా బయటపడాలంటే జీపుకు పెద్ద టైర్లు ఉండాలన్నది వాహనదారుల నమ్మకం. అందులో నిజం లేకపోలేదు. అయితే అదే జీపు రాప్తాడు దాటి 44వ నంబరు జాతీయ రహదారిపై బెంగళూరు వైపు దూసుకుపోతున్నప్పుడు లెక్క మారిపోతుంది. పొలాల్లో ఆదుకున్న టైరే హైవేపై ప్రాణాల మీదకు తెచ్చే ప్రమాదముంది. మీటరు చూపే వేగం ఒకటి, బండి పరుగెత్తే వేగం మరొకటి కావడమే ఇందుకు మొదటి కారణం. టైరు సైజు మారితే వాహనంలో ఏమేమి మారతాయో, చట్టం ఏం చెబుతోందో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో వాహనదారులు తెలుసుకోవడం అవసరం.

జీపుల జిల్లా

ఉమ్మడి అనంతపురం జిల్లాకు, జీపుకు అనుబంధం పాతది. బస్సు వెళ్లని పల్లెలకు ఒకప్పుడు సర్వీసు జీపులే దిక్కు. మహీంద్రా కమాండర్ జీపులో లోపల కూర్చున్నవారి కంటే వెనుక వేలాడేవారే ఎక్కువగా కనిపించేవారు. తర్వాతి కాలంలో బొలెరోలు వచ్చాయి. 2010లో థార్, 2020 అక్టోబరులో కొత్త థార్, 2023లో జిమ్నీ మార్కెట్లోకి వచ్చాక ఫోర్‌ వీల్ డ్రైవ్ వాహనాలపై యువత మోజు పెరిగింది. రామగిరి, ఉరవకొండ ప్రాంతాల గాలిమరలు, ఎన్‌పీ కుంట, తలారిచెరువు సోలార్ పార్కుల పనులకు కొండదారులు, మట్టిదారులు ఎక్కే వాహనాలు కావాల్సి వచ్చింది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు మేట వేసిన చోట మామూలు టైరు తిరగడమే గగనం.

మరోవైపు గుత్తి, పామిడి, గార్లదిన్నె, అనంతపురం, రాప్తాడు, చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, సోమందేపల్లి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు వరకు జాతీయ రహదారి ఉంది. ఒకప్పటి 7వ నంబరు రహదారే 2010లో నంబర్లు మార్చినప్పుడు 44 అయింది. ఉదయం మట్టిదారిలో, మధ్యాహ్నం నాలుగు వరుసల రహదారిపై తిరగడం ఇక్కడి జీపులకు నిత్యకృత్యం. సమస్యంతా ఇక్కడే మొదలవుతోంది.

టైరుపై అంకెలకు అర్థమిదీ..

టైరు పక్కన 215/75 ఆర్ 15 అని ఉంటే, 215 అన్నది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 75 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం. ఆర్ అంటే రేడియల్. 15 అన్నది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. ఈ లెక్కన టైరు మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. బొలెరోల్లో కనిపించే సైజు ఇది. దీని స్థానంలో కొందరు 31×10.5 ఆర్ 15 టైర్లు వేయిస్తారు. దాని ఎత్తు 31 అంగుళాలు, అంటే 787 మిల్లీమీటర్లు. దాదాపు 12 శాతం పెద్దది. 18 అంగుళాల రిమ్ముతో వచ్చే థార్‌కు కంపెనీ ఇచ్చే 255/65 ఆర్ 18 టైరు ఎత్తే 31 అంగుళాలు. దానికి 33 అంగుళాల టైరు వేస్తే 6 శాతం, 35 అంగుళాలది వేస్తే దాదాపు 13 శాతం తేడా వస్తుంది.

మీటరు 80.. బండి 90

స్పీడో మీటరు వేగాన్ని నేరుగా కొలవదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించి, ఒక చుట్టుకు ఇంత దూరమని ముందే చేసిన లెక్క ప్రకారం వేగం చూపుతుంది. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది. ఆ సంగతి మీటరుకు తెలియదు. 703 మిల్లీమీటర్ల టైరుకు సరిచేసిన మీటరు, 787 మిల్లీమీటర్ల టైరు వేశాక 80 చూపుతున్నప్పుడు చక్రాల అసలు వేగం 90 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మీటరు 100 చూపితే అసలు వేగం 112.

కంపెనీలు మీటరును సాధారణంగా ఒకింత ఎక్కువ చూపేలా అమరుస్తాయి. పెద్ద టైరు ఆ భద్రతను మింగేసి, పైపెచ్చు తక్కువ చూపేలా చేస్తుంది. వేగం 12 శాతం పెరిగితే వాహనంలోని గతిశక్తి 25 శాతం పెరుగుతుంది. అంటే 80లో వెళ్తున్నానని నమ్ముతున్న డ్రైవరు, నాలుగో వంతు అదనపు శక్తిని బ్రేకులతో ఆపాల్సి ఉంటుంది. వేగాన్ని పట్టే కెమెరా మాత్రం అసలు వేగాన్నే పడుతుంది. జరిమానా పడ్డాక మీటరును చూపించి ప్రయోజనం ఉండదు.

దీన్ని ఎవరైనా సులువుగా పరీక్షించుకోవచ్చు. రద్దీ లేని వేళ మీటరు 60 వద్ద నిలకడగా నడుపుతూ, ఒక కిలోమీటరు రాయి నుంచి మరో రాయికి పట్టే సమయాన్ని పక్కనున్నవారు చూడాలి. సరిగ్గా 60 సెకన్లు పడితే మీటరు నిజం చెబుతున్నట్టే. 54 సెకన్లకే రాయి వచ్చిందంటే బండి 67 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్లు లెక్క. సెల్‌ఫోన్‌లోని జీపీఎస్‌తోనూ సరిచూసుకోవచ్చు.

బ్రేకు తొక్కినా..

బ్రేకు పట్టు చక్రం ఇరుసు వద్ద పుడుతుంది. రోడ్డును తాకేది టైరు అంచు. ఇరుసుకు, రోడ్డుకు మధ్య దూరం పెరిగేకొద్దీ అదే బ్రేకు బలం రోడ్డుపై తక్కువగా పనిచేస్తుంది. 12 శాతం పెద్ద టైరు వేస్తే, పెడల్‌ను అంతే బలంతో తొక్కినప్పుడు ఆపే శక్తి 10 శాతానికి పైగా తగ్గుతుంది. పెద్ద టైరు బరువు కూడా ఎక్కువ. తిరుగుతున్న ఆ బరువును ఆపడం బ్రేకులకు అదనపు శ్రమ. కొండ దిగువకు వరుసగా బ్రేకు వాడితే డిస్కులు, డ్రమ్ములు త్వరగా వేడెక్కి పట్టు సడలుతుంది.

ఇంజిన్ లాగుడుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. చక్రం వద్ద బలం పదోవంతు తగ్గడంతో ఐదో గేరులో ఎత్తు ఎక్కాల్సిన బండి నాలుగో గేరుకు దిగుతుంది. ముందున్న ట్రాక్టరును దాటడానికి ఎక్కువ దూరం పడుతుంది. ఎదురుగా వాహనాలు వచ్చే అనంతపురం-కదిరి వంటి రోడ్లపై ఈ తేడా ప్రమాదకరం.

మంద అడ్డొస్తే బోల్తా

రహదారిపైకి ఉన్నట్టుండి గొర్రెల మంద రావడం ఈ ప్రాంతంలో కొత్త కాదు. అప్పుడు స్టీరింగును ఒక్కసారిగా తిప్పితే, ఎత్తయిన జీపు పక్కకు ఒరిగే అవకాశం కారు కంటే ఎక్కువ. పై ఉదాహరణలో టైరు మార్పుతోనే బండి 42 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. టైరు తగలకుండా సస్పెన్షన్‌నూ ఎత్తితే గురుత్వ కేంద్రం ఇంకా పైకి పోతుంది. పైన క్యారియరు, దానిపై సామాను కూడా ఉంటే చెప్పనక్కర్లేదు. బంపరు ఎత్తు పెరగడం వల్ల ఎదుటి కారును ఢీకొన్నప్పుడు ఆ కారులోని వారికి జరిగే నష్టం కూడా పెరుగుతుంది.

ముందు వైపు కట్ట స్ప్రింగులు, ఒకే ఇరుసు ఉన్న పాత జీపుల్లో మరో బెడద ఉంది. టైరు బరువు పెరిగి, బాల్ జాయింట్లు, కింగ్‌పిన్‌లు అరిగి ఉంటే ఒక వేగం వద్ద ముందు చక్రాలు గడగడా ఊగిపోతాయి. స్టీరింగు చేతిలో నిలవదు. అలా జరిగితే గట్టిగా బ్రేకు తొక్కకుండా, స్టీరింగును నిబ్బరంగా పట్టుకుని మెల్లగా వేగం తగ్గించాలి. చక్రాలను బ్యాలెన్స్ చేయించి, అరిగిన భాగాలు మార్చాకే మళ్లీ హైవే ఎక్కాలి.

వేడి అసలు శత్రువు

అనంతపురంలో వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు అంతకంటే ఎంతో ఎక్కువగా కాలుతుంది. అయితే టైరు పేలడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. గాలి తక్కువగా ఉండటం, వేగం, అధిక బరువు తోడైనప్పుడే ముప్పు. గాలి తగ్గిన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ వంగి లేస్తుంది. ఆ వంపు వేడిని పుట్టిస్తుంది. వేడికి లోపలి పొరలు విడిపోయి చివరకు టైరు పగిలిపోతుంది. బురద కోసం చేసిన మడ్ టైర్లలో పెద్దపెద్ద రబ్బరు గుండీలు ఉంటాయి. హైవే వేగంలో అవి కదిలి మరింత వేడెక్కుతాయి.

ఇసుకలో దిగేముందు టైరులో గాలిని 15 నుంచి 18 పాయింట్లకు తగ్గించడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతే. టైరు చదునుగా పరుచుకుని ఇసుకపై తేలుతుంది. అదే గాలితో రోడ్డెక్కి 80, 90 వేగంతో పోవడం మాత్రం చేజేతులా ప్రమాదాన్ని తెచ్చుకోవడమే. హైవే ఎక్కకముందే గాలి నింపుకోవాలి. చిన్న కంప్రెసరు బండిలో ఉంచుకుంటే మేలు.

గాలిని తెల్లవారుజామున, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. టైరు 25 డిగ్రీలు వేడెక్కితే గాలి ఒత్తిడి సుమారు 4 పాయింట్లు పెరుగుతుంది. ఎక్కువైందనుకుని దారిలో తీసేస్తే, చల్లబడ్డాక గాలి తక్కువవుతుంది.

తొలకరిలో జారుడు

జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. నెలల తరబడి వాన ఎరుగని రోడ్డుపై దుమ్ము, నూనె, రబ్బరు పొడి పేరుకుంటాయి. తొలి జల్లు పడగానే అవి కలిసి జారుడు పూతగా మారతాయి. మడ్ టైరులో గుండీల మధ్య ఖాళీలు ఎక్కువ కాబట్టి రోడ్డును తాకే రబ్బరు తక్కువ. నీటిని చీల్చే సన్నని గాట్లూ తక్కువే. అందుకే బురదలో రాజైన టైరు, తడి తారుపై పట్టు చాలక జారుతుంది. పొలం, హైవే రెండూ అవసరమైనవారికి ఆల్ టెరైన్ రకం మధ్యేమార్గం. ఎక్కువగా హైవేపైనే తిరిగేవారికి కంపెనీ ఇచ్చిన హైవే టైరే మేలు.

ఫోర్‌ వీల్ డ్రైవ్ విషయంలోనూ మెలకువ అవసరం. థార్, జిమ్నీ వంటి వాహనాల్లో ఎండు తారు రోడ్డుపై ఫోర్‌ వీల్ లీవరు వేసి నడపకూడదు. మలుపుల్లో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాల్సి ఉండగా గేర్లు వాటిని కట్టిపడేస్తాయి. ముందు ఒక సైజు, వెనుక మరో సైజు టైర్లుంటే ఈ ఒత్తిడి ఇంకా పెరిగి ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. స్టెప్నీ కూడా అదే సైజుది ఉండాలి.

మైలేజీ లెక్కలో మోసం

పెద్ద టైరు వేశాక మైలేజీ పడిపోయిందన్నది తరచూ వినిపించే మాట. వెడల్పు, బరువు, గాలి నిరోధం పెరగడం వల్ల డీజిల్ ఎక్కువ తాగడం నిజమే. అయితే మీటరు దూరాన్ని తక్కువ చూపడమూ ఇందులో కలిసి ఉంటుంది. పై ఉదాహరణలో బండి నిజంగా 240 కిలోమీటర్లు తిరిగి 20 లీటర్లు తాగితే లీటరుకు 12 వచ్చినట్లు. మీటరు మాత్రం 214 కిలోమీటర్లే చూపుతుంది. దాంతో 10.7 వచ్చినట్లు కనిపిస్తుంది. ఆయిల్ మార్చాల్సిన గడువు కూడా మీటరు ప్రకారం కాకుండా కొంత ముందే వస్తుందని గుర్తుంచుకోవాలి.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన సవరణతో, అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించారు. మార్పు సంగతి చెప్పకుండా బీమా చేయిస్తే, ప్రమాదం జరిగినప్పుడు సొంత వాహన నష్టం క్లెయిము తిరస్కరణకు గురయ్యే అవకాశం ఉంది. అదే మోడల్‌లో పై వేరియంటుకు కంపెనీయే ఇస్తున్న సైజును ఎంచుకోవడం క్షేమం. అంతకు మించి మార్చాలనుకునేవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో, బీమా సంస్థలో విచారించుకోవాలి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* టైరుపై వేగం గుర్తు చూడాలి. ఎల్ అంటే గంటకు 120, ఎన్ అంటే 140, క్యూ అంటే 160, ఎస్ అంటే 180 కిలోమీటర్లు గరిష్ఠ పరిమితి. బరువు సూచిక కంపెనీ టైరుకంటే తగ్గకూడదు.

* తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. సెకండ్‌హ్యాండ్ టైరు కొనేటప్పుడు గాడుల లోతుతో పాటు వయసూ చూడాలి. పక్కగోడపై సన్నని పగుళ్లుంటే తీసుకోవద్దు.

* గాడుల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ టైరు నిబంధనల ప్రకారం కూడా పనికిరాదు. బోడి టైరుతో హైవే ఎక్కొద్దు.

* రిమ్ముకు తగిన వెడల్పు ఉండాలి. 10.5 అంగుళాల వెడల్పు టైరుకు 7 నుంచి 9 అంగుళాల రిమ్ము అవసరం. సన్న రిమ్ముపై బిగిస్తే మలుపుల్లో టైరు పక్కకు ఒరుగుతుంది.

* స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పి, టైరు ఎక్కడైనా రాసుకుంటుందేమో, బ్రేకు పైపును తాకుతుందేమో చూసుకోవాలి.

* టైరు పేలితే బ్రేకును ఒక్కసారిగా తొక్కవద్దు. స్టీరింగును నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటరు నుంచి కాలు మెల్లగా తీసి, వేగం తగ్గాక రోడ్డు పక్కకు తీసుకెళ్లాలి.

* పెద్ద టైర్లతో సెకండ్‌హ్యాండ్ జీపు కొన్నవారు ముందుగా మీటరును కిలోమీటరు రాళ్లతో సరిచూసుకోవాలి. తేడా ఎంతో ఒక చీటీపై రాసి డ్యాష్‌బోర్డుపై అంటించుకుంటే, ఇంట్లో ఆ బండి ఎవరు నడిపినా అసలు వేగం తెలుస్తుంది.