హోదాకు ముందు ‘ది’: ఆంగ్ల పత్రికాభాషలో ఒక ఉపపద చరిత్ర

ఆంగ్లంలో వ్యక్తి పేరుకు ముందు హోదాను చెప్పేటప్పుడు నిర్దిష్ట ఉపపదమైన ‘ది’ని ఉంచడమా, విడవడమా అన్నది పైకి వ్యాకరణ సమస్యగానే కనిపిస్తుంది. కాని దాని వెనుక ఒక సామాజిక చరిత్ర ఉంది.

ప్రాచీన ఆంగ్లంలో హోదా తరచుగా పేరును అనుసరించేది. ‘ఆంగ్లో-శాక్సన్ క్రానికల్’లో ఆల్‌ఫ్రెడ్ పేరు తరువాత రాజవాచకం ఉపపదం లేకుండానే కనిపిస్తుంది. కాలక్రమంలో హోదా ముందుకు జరిగి ‘కింగ్ ఆల్‌ఫ్రెడ్’ వంటి రూపాలు స్థిరపడ్డాయి. ఇక్కడ ‘కింగ్’ పేరులో భాగమైపోయింది కనుక ‘ది’ అవసరం లేదు. ‘ది ఎంపరర్ అగస్టస్’ వంటి మినహాయింపులు ఉన్నప్పటికీ, ఉపపదం లేని రూపం ప్రధానంగా రాజ్యమో చర్చో సైన్యమో ప్రదానం చేసిన హోదాలకే చెల్లేది. నటుడు, నవలాకారుడు వంటివి హోదాలు కావు, వర్ణనలు. వాటికి ముందు ‘ది’ గాని ‘ఏ’ గాని ఉండేది.

1923లో బ్రిటన్ హాడెన్, హెన్రీ లూస్ న్యూయార్క్‌లో స్థాపించిన ‘టైమ్’ వారపత్రిక ఈ సరిహద్దును చెరిపివేసింది. వృత్తివాచకాలను బిరుదుల వలె పేర్లకు ముందు చేర్చడం దాని శైలీముద్ర అయింది. 1936లో వుల్కాట్ గిబ్స్ ‘ది న్యూయార్కర్’లో ఆ శైలిని అనుకరిస్తూ పరిహసించాడు. శైలీవేత్తలు ఈ ప్రయోగానికి ‘ఫాల్స్ టైటిల్’, అనగా మిథ్యాబిరుదు, అని పేరు పెట్టారు. ‘ది న్యూయార్క్ టైమ్స్’ నేటికీ దానిని పరిహరిస్తుంది. అసోసియేటెడ్ ప్రెస్ మాత్రం అంగీకరిస్తుంది.

విమర్శ ఎదురైనా ఈ ప్రయోగం నిలవడానికి పొదుపు ఒక్కటే కారణం కాదు. ‘ది’ వాడితే ఆ వ్యక్తి పాఠకునికి పరిచితుడని సూచించినట్లవుతుంది. ‘ఏ’ వాడితే అపరిచితుడని ఒప్పుకున్నట్లవుతుంది. రెండూ విడిచిన రచయిత ఆ తీర్పు నుంచి తప్పించుకుంటాడు.

తెలుగులో ఉపపదం లేదు. ‘కవి గురజాడ’ అన్న మాట ఆయన ప్రసిద్ధిని గురించి ఏమీ తేల్చదు. ఆంగ్లంలో పరిశోధన రాసే తెలుగువారు మాత్రం తేల్చవలసి వస్తుంది. ‘ది పొయెట్ గురజాడ’ అంటే ప్రపంచ పాఠకుడు ఆయనను ఎరిగి ఉండాలన్న ప్రతిపాదన. ‘గురజాడ, ఏ తెలుగు పొయెట్’ అంటే ఎరుగడన్న అంగీకారం. ‘పొయెట్ గురజాడ’ అని ఊరుకుంటే అది తెలుగు వాక్యక్రమపు నీడ మాత్రమే. కనుక అనువాదకులు ఈ ఎంపికను అలవాటుకు వదలక, ఎవరిని ఉద్దేశించి రాస్తున్నామో నిర్ణయించుకొని చేయడం ఉచితం.