తంబురా నుంచి సింథసైజర్ దాకా

ఆమధ్య అమ్మ దోహా వచ్చినప్పుడు ఆమెకు కంటి శుక్లం ఆపరేషన్ చేయించవలసి వచ్చింది. ముందురోజు రాత్రి భయంతో నిద్ర పట్టలేదు. ఎలక్ట్రానిక్ తంబురా పెట్టెను సన్నగా మోగనిచ్చి ప్రక్కన కూర్చున్నాను. కాసేపటికి ఊపిరి నెమ్మదించి, నిద్రపోయింది. తెల్లవారి లేచి, “రాత్రి ఏం మందిచ్చావురా?” అని అడిగింది. వైద్యుడినై ఉండీ వెంటనే జవాబు చెప్పలేకపోయాను. జవాబు వెతుకుతూ పోతే ఒక చిన్న చరిత్ర తగిలింది.

పాశ్చాత్యులు ‘న్యూ ఏజ్’ అనీ, ‘యాంబియంట్’ అనీ రెండు రకాల సంగీతాన్ని వేరు చేసి చెబుతారు. రెండింటికీ 1975 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడు అమెరికాలో స్టీవెన్ హాల్పర్న్ ఏడు స్వరాలను ఏడు చక్రాలతో ముడిపెట్టి, ఎలక్ట్రిక్ పియానోపై ‘స్పెక్ట్రమ్ సూట్’ వాయించాడు. అదే ఏడు ఇంగ్లండులో బ్రయాన్ ఈనో టాక్సీ ప్రమాదంలో దెబ్బలు తిని మంచం పట్టాడు. రికార్డు మరీ సన్నగా మోగుతోంది; లేచి శబ్దం పెంచే ఓపిక లేదు. బయటి వాన చప్పుడులో కలిసిపోయిన ఆ సంగీతమే ఆయనకు కొత్త దారి చూపింది. తరువాత 1978లో విమానాశ్రయాల కోసమే ఒక ఆల్బమ్ చేసి, దానికి ‘యాంబియంట్’ అని పేరు పెట్టాడు. శ్రద్ధగా విన్నా, పట్టించుకోకపోయినా అభ్యంతరం లేని సంగీతం కావాలన్నది ఆయన అభిమతం.

ఒకటి “నీకు మేలు చేస్తాను” అంటుంది. రెండవది “నీ గదిలో ఉంటాను, అంతే” అంటుంది. చెవికి మాత్రం తేడా తక్కువ. రెండింటిలోనూ సాగే నాదం, తక్కువ తాళం, తొందర లేని మార్పు. న్యూయార్క్ పార్కులో ధ్యానమగ్నుడై జిథర్ వాయించే లారాజీతో 1980లో ఆల్బమ్ చేయించినదీ ఈనోయే. గ్రామీ వారు 1987లో న్యూ ఏజ్‌కు బహుమతి మొదలుపెట్టి, 2022లో దాని పేరులో యాంబియంట్‌నూ చేర్చారు. 2025లో ఆ బహుమతి మన చెన్నైలో పెరిగిన చంద్రికా టాండన్ ‘త్రివేణి’కి వచ్చింది.

అసలు ఈ కథలో మనవాళ్ళ పాత్ర ముందే ఉంది. 1946లో గీతా సారాభాయ్ న్యూయార్క్ వెళ్ళి జాన్ కేజ్‌కు మన సంగీతం నేర్పింది. మనసును నిమ్మళింపజేయడమే సంగీత ప్రయోజనమని చెప్పింది. ఈనో తరానికి దారి వేసినవారిలో కేజ్ ఒకడు. 1969లో అహ్మదాబాదు డిజైన్ సంస్థకు మూగ్ సింథసైజర్ వచ్చింది. 1970ల చివర బెంగుళూరులో జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె తయారుచేశారు. మన తెలుగువారు ఎందరో కొలిచే మైసూరు శ్రీ గణపతి సచ్చిదానంద స్వామి ధ్యాన సంగీత కచేరీలలో వాయించేదీ సింథసైజరే.

ఇక వైద్యం సంగతి. ఆపరేషన్‌కు ముందు సంగీతం వింటే ఆందోళన తగ్గుతుందని 2013లో 26 పరీక్షలను, 2051 మంది రోగులను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. భయం తగ్గడం చిన్న విషయం కాదు. కాని శుక్లాన్ని తీసేది కత్తే, రక్తపోటును దించేది మాత్రే. సంగీతం వాటికి తోడు మాత్రమే.

అందుకే అమ్మతో అన్నాను: “మందు కాదమ్మా, శ్రుతి.” ఆమె నవ్వి, “అయితే రోజూ పెట్టు” అంది. బి.పి. మాత్ర చేతికిచ్చి, పెట్టె మీట నొక్కాను.