వణకని పీఠము

ధ్వని యనగా కంపనమే. తీగె వణకనిదే వీణ పలుకదు. మైక్రోఫోనులోని పలుచని పొర వణకనిదే మా మాట మీ యింటికి చేరదు. అయినను, ధ్వనిని పట్టి నిలుపు యంత్రములను నిర్మించినవారు తొలినాటి నుండియు పోరాడినది కంపనముతోనే. రికార్డు మ్రోగునపుడు వణకవలసినది సూది యొక్కటే. తక్కినదంతయు నిశ్చలముగా నుండవలెను. ఈ చిన్న నియమము చక్కగా నెరవేరుటకు ఎనుబది యేండ్లకు పైగా పట్టినది.

1877లో ఎడిసన్ తన ఫోనోగ్రాఫును చేతితో త్రిప్పెను. తగరపు రేకుపై పడిన గాడిలో మాటతోపాటు చేతి తడబాటును చేరెడిది. పిమ్మట స్ప్రింగు మరలు వచ్చెను. కాని ధ్వనిముద్రణ జరుగు చోట, మైనపు బిళ్లను త్రిప్పుటకు పలువురు నమ్మినది బరువును. పాతకాలపు గోడగడియారములోవలె, మెల్లగా క్రిందికి దిగు బరువు పళ్లెమును సమముగా త్రిప్పెడిది. 1925లో మైక్రోఫోనుతో ముద్రించు పద్ధతి వచ్చిన పిదపను పెక్కు స్టూడియోలలో ఈ బరువులే చాలకాలము నిలిచెను. మోటారు అదరును, దిగు బరువు అదరదు. మోటారు మ్రోత ఒకసారి మైనములో చేరెనా, ఆ అచ్చునుండి తీసిన ప్రతి రికార్డులోను అది వినబడును. గాయకుడు గతించినను ఆ మ్రోత గతింపదు.

రేడియోకును ఈ బెడద తప్పలేదు. 1920 ప్రాంతముల నాటి ఛాయాచిత్రములలో, లోహపు వలయము నడుమ స్ప్రింగులతో వ్రేలాడదీసిన మైక్రోఫోను కనబడును. అది అలంకారము కాదు. నేలపై అడుగుల అదురు లోనికి చేరకుండుటకు చేసిన యేర్పాటు. వాల్వుల రేడియోలలో, స్టేషనును కుదుర్చు కండెన్సరును రబ్బరు దిండ్లపై నిలిపెడివారు. లేనిచో లౌడ్‌స్పీకరు అదురునకు దాని రేకులు కదలి, పెట్టె తన కూతకు తానే మరల కూయుచుండెడిది.

1948లో నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు లాంగ్ ప్లే రికార్డు వచ్చెను. దాని గాడి వెడల్పు ఇంచుమించు వెంట్రుక మందము. నిమిషమునకు సుమారు 1500 చుట్లు తిరుగు మోటారు, సెకనుకు 25 కంపనములను రబ్బరు చక్రము ద్వారా పళ్లెమునకు చేర్చును. గాడి వంకరలు ప్రక్కలకే యున్నంతకాలము, సూది క్రిందుమీదుల అదురును అంతగా పట్టించుకొనలేదు. 1958లో స్టీరియో రికార్డులు ప్రచారములోనికి రాగా, సూది రెండు దిక్కుల చలనమును వినవలసి వచ్చెను. అంతవరకు దాగియున్న గుర్రు బయటపడెను.

1961లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ దీనికొక ఉపాయము చూపెను. పళ్లెమును, సూదిని మోయు చేతిని ఒకే గట్టి కమ్మిపై బిగించి, ఆ కమ్మిని మూడు స్ప్రింగులపై వ్రేలాడదీసెను. మోటారును వేరుగ నుంచి, రబ్బరు పట్టెతో మాత్రమే పళ్లెమును త్రిప్పించెను. ఒకే పడవలో కూర్చున్న యిద్దరి నడుమ దూరము, పడవ ఊగినంత మాత్రమున మారదు గదా! పళ్లెమును సూదియు కలసి కదలినపుడు గాడికిని సూదికిని నడుమ చలనము లేదు. చలనము లేనిచోట మ్రోత లేదు. వణకును చంపుటకు బదులు, వణకినను హాని లేకుండ చేయుటయే ఆయన ప్రజ్ఞ. తరువాత స్విట్జర్లండు, స్కాట్లండులలోని నిర్మాతలును ఇదే త్రోవ నడచిరి.

అయితే స్ప్రింగులకును ఒక బలహీనత కలదు. వడిగల అదురును ఆపగలవు గాని, తమ సహజగతికి సరిపడు మందమైన ఊపును అవి మరింత పెంచును. కనుకనే మెత్తని చెక్కనేలపై పిల్లలు గంతులిడినచో సూది గాడి తప్పును. ఇంట గ్రామఫోను గలవారు దానిని గోడకు బిగించిన బల్లపై నుంచి, లౌడ్‌స్పీకరును వేరొకచోట నిలిపిన మేలు. ఖర్చు స్వల్పము. నాడు స్టూడియోలో బరువును దింపుచు గాయకుని కంఠమును కాపాడినవారి శ్రమ, మన యింటి బల్ల అదురువలన వ్యర్థము కారాదు.