దేహం దొరకని మరణం: ఖుక్రీ నావికుల ఇళ్లలో కర్మ, కాగితం

హైదరాబాద్‌లో పంజాగుట్ట నాగార్జున సర్కిల్ దగ్గరే శ్మశానవాటిక ఉంది. అమీర్‌పేటలో ఎవరైనా పోతే అక్కడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. కొరివి, అస్థిసంచయనం, పదో రోజు, ఆపైన ఏటేటా తద్దినం. ఈ తంతు అంతా దేహం మన చేతిలో ఉంటుందన్న నమ్మకం మీద నడుస్తుంది. యుద్ధంలో సముద్రం పాలైన నావికుడి ఇంటికి ఆ మొదటి మెట్టే ఉండదు. మన యుద్ధ చరిత్రలు ఆ ఇంటి గడప తొక్కలేదు. 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో మునిగిన ఐఎన్ఎస్ ఖుక్రీని ఆధారం చేసుకుని ఆ లోటును చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఖుక్రీ జలాంతర్గాములను వేటాడే ఫ్రిగేట్. డిసెంబర్ 9 రాత్రి డయ్యూ తీరానికి సుమారు 40 నాటికల్ మైళ్ల దూరంలో, కిర్పాన్ అనే తోటి నౌకతో కలిసి పాకిస్తాన్ జలాంతర్గామి కోసం గాలిస్తోంది. సోనార్ మరింత దూరం పసిగట్టేలా అమర్చిన కొత్త పరికరాన్ని పరీక్షిస్తూ వేగం తగ్గించారు. ఆ జలాంతర్గామి, హంగోర్, వదిలిన టార్పెడో తగిలాక నిమిషాల్లోనే ఓడ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. మర్నాడు ఐఎన్ఎస్ కచ్చాల్ 67 మందిని కాపాడింది. తన లైఫ్ జాకెట్‌ను ఒక నావికుడికిచ్చి ఓడతోపాటే మునిగిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు మహావీర చక్ర దక్కింది. ఆ గౌరవానికి ఆయన పూర్తిగా అర్హుడు. కానీ ఖుక్రీ అనగానే మనకు గుర్తొచ్చేది ఆయనొక్కడే కావడం మాత్రం న్యాయం కాదు.

ఆచూకీ లేనివాడు చనిపోయినట్టు భావించడానికి చట్టానికి ఏడేళ్ల గడువుంది. లోకాచారానికి పన్నెండేళ్లు. ఖుక్రీ మరణాలు ఈ రెండింటికీ లొంగవు. తేదీ తెలుసు, చోటు తెలుసు, లేనిది దేహమే. అందువల్ల సర్కారుకు సందేహం లేకపోవచ్చు, తల్లికి మాత్రం ఉంటుంది. అరవై ఏడుగురు బతికి వచ్చారు కదా, మా వాడు ఏ పడవకో దొరికి ఉండడా? బతికినవారి జాబితాయే మిగతావారి మరణానికి రుజువు, ఆశకూ అదే ఆధారం.

ఇలాంటి చోట ధర్మశాస్త్రం చూపిన దారి పర్ణనర దహనం. 360 మోదుగ కాడలు పేర్చి మనిషి ఆకారం చేస్తారు. తల స్థానంలో కొబ్బరికాయ పెడతారు. చరకుడు చెప్పిన ఎముకల లెక్క కూడా 360. ఆ బొమ్మకు నిప్పు పెట్టాక గానీ తద్దినానికి అర్హత రాదు. ఇది మూఢాచారమని కొట్టిపారెయ్యలేం. దుఃఖానికి ఒక తేదీ, ఒక చోటు ఇచ్చే పని అది చేస్తుంది. కాకపోతే ఆ నిప్పు పెట్టడమంటే కొడుకు ఇక రాడని తండ్రి తన చేత్తో ఒప్పుకోవడం.

కాగితాల సంగతి ఇంకా కఠినం. శౌర్య పతకం పొందినవాడి భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే పతకం మీద వచ్చే భత్యం ఆగిపోయేది. మరిదినో బావగారినో చేసుకుంటేనే కొనసాగేది. ఈ షరతు 2017 నవంబర్‌లో గానీ పోలేదు. పడుచు వితంతువు బతుకును అత్తింటి గడపకే కట్టేసిన నిబంధన ఇది. యుద్ధం ముగిసిన నలభై ఆరేళ్లకు గానీ దాన్ని తొలగించకపోవడం క్షమించరానిది.

ఖుక్రీ మునిగిన ఆ డిసెంబర్‌లోనే, 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో, విశాఖ రేవు బయట పాక్ జలాంతర్గామి ఘాజీ 93 మందితో మునిగింది. ఒక్కరూ బతకలేదు. విశాఖలో విజయ స్మారకం కట్టుకున్నాం, ఏటా నౌకాదళ దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ 93 ఇళ్లలోనూ దేహం లేని దుఃఖమే. దాన్ని గుర్తించినంత మాత్రాన మన విజయం చిన్నబోదు.

డయ్యూలో ఖుక్రీకి స్మారకం ఉంది. అదే పేరుతో వచ్చిన రెండో నౌక 2021 డిసెంబర్‌లో విశాఖలో సేవల నుంచి తప్పుకుని, ఇప్పుడు డయ్యూలోనే ఉంది. ఇనుముకు దక్కిన ఈ శ్రద్ధ మనుషుల మాటకూ దక్కాలి. 1971లో పాతికేళ్ల భార్యకు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూగా ఉంటాయి. తెలుగు జిల్లాల నుంచి నౌకాదళానికి వెళ్లి తిరిగిరానివారి ఇళ్లకు వెళ్లి, కర్మ ఎవరు చేశారు, ఏ తిథికి చేస్తున్నారు, మొదటి పెన్షన్ కాగితం ఎవరు చదివి చెప్పారు అని అడిగి రాసుకోవలసిన పని మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలది. అది ఈ ఏడే మొదలుకావాలి.