ధర తప్పు పడిందంటూ రద్దయ్యే ఆన్‌లైన్ ఆర్డర్లు: కామారెడ్డి, ఎల్లారెడ్డి కొనుగోలుదారుల వైపు నుంచి ఒక పరిశీలన

2014 డిసెంబరులో ఒడిశాకు చెందిన ఒక న్యాయశాస్త్ర విద్యార్థికి అమెజాన్‌లో 23,499 రూపాయల ల్యాప్‌టాప్ 190 రూపాయలకే కనిపించింది. ఆర్డరు పెట్టాడు. ఖరారైనట్టు సందేశం కూడా వచ్చింది. కొద్ది గంటల్లోనే ఫోన్ చేసి, ధర విషయంలో పొరపాటు దొర్లిందనీ ఆర్డరు రద్దు చేశామనీ చెప్పారు. చదువు ఆగకూడదు గనక అతను 22,899 రూపాయలు పెట్టి వేరే ల్యాప్‌టాప్ కొనుక్కున్నాడు. జిల్లా వినియోగదారుల ఫోరం ఇప్పించిన పరిహారం చాలదని అప్పీలుకు వెళ్ళాడు. 2021 జనవరిలో ఒడిశా రాష్ట్ర వినియోగదారుల కమిషన్ మనోవేదనకు 30,000, శిక్షగా 10,000, ఖర్చులకు 5,000 రూపాయలు చెల్లించమని ఆదేశించింది.

ఇంచుమించు ఇలాంటిదే మరొకటి పంజాబ్‌లోని సంగ్రూర్‌లో నడిచింది. 2014 ఫిబ్రవరిలో స్నాప్‌డీల్‌లో 46 వేల పైచిలుకు ఐఫోన్ 68 రూపాయలకు కనిపించింది. కొన్న విద్యార్థికి ఆ 68 రూపాయలకే ఫోన్ ఇవ్వాలని అక్కడి ఫోరం తీర్పు చెప్పింది. ఒకచోట వస్తువే ఇమ్మన్నారు, ఇంకొకచోట డబ్బు ఇమ్మన్నారు. వినియోగదారుడు గెలిచాడన్నది రెండింటా నిజమే. కానీ ఏ కొలతతో గెలిచాడో తేలలేదు. ఆ కొలత తేలకపోతే రేపు కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఒకరు ఫిర్యాదు రాసుకోవాలంటే ఏం అడగాలో తెలియదు. ఈ వ్యాసం ఆ కొలత గురించి.

190 రూపాయల ల్యాప్‌టాప్, 68 రూపాయల ఐఫోన్ వార్తలకు బాగుంటాయి. రోజూ జరిగే నష్టం వాటిలో లేదు. పండగ అమ్మకాల్లో సగం ధరకో, నలభై శాతం తగ్గింపుకో దొరికిన వస్తువును డబ్బు కట్టించుకున్నాక రద్దు చేయడంలో ఉంది. సగం ధర చూసి ఎవరూ తప్పు పడిందని అనుకోరు. అంత తగ్గింపు ఇస్తామని పత్రికల మొదటి పేజీల్లో ప్రకటించేది ఆ సంస్థలే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఎల్లారెడ్డి దగ్గర పోచారం కాల్వ నీళ్ళు అందని పొలానికి బోరే దిక్కు. యాసంగి నాట్లకు ముందు మోటారు కాలిపోయింది. బజారులో 18,000 ఉన్న బోరు మోటారు ఫోన్‌లో 10,500 అని కనిపించింది. రైతు కొడుకు యూపీఐలో డబ్బు కట్టాడు. ఫలానా తేదీకి వస్తుందని తెర మీద పడింది. ఆ నమ్మకంతో కామారెడ్డి దుకాణంలో అడిగి పెట్టిన మోటారు వద్దని చెప్పారు. నాలుగో రోజు 'సాంకేతిక కారణాల వల్ల మీ ఆర్డర్ రద్దయింది, మీ డబ్బు 5–7 పనిదినాల్లో తిరిగి వస్తుంది' అని సందేశం. ఇప్పుడు ఆ ఇంట్లో చేతిలో డబ్బూ లేదు, మోటారూ లేదు. దుకాణంలో సరుకు ఉంటే 18,000, లేకపోతే నారు ముదిరిపోయేదాకా ఎదురుచూపు. కంపెనీ లెక్కలో మాత్రం ఇక్కడ నష్టమే లేదు, ఎందుకంటే కట్టిన డబ్బు పైసా తగ్గకుండా తిరిగి వచ్చింది.

దీనికి కంపెనీల మొదటి జవాబు ఒప్పందమే కుదరలేదన్నది. ఆర్డరు పెట్టడం కొనేవారి ప్రతిపాదన మాత్రమేననీ, సరుకు పంపినట్టు సందేశం వెళ్ళినప్పుడే తమ అంగీకారమనీ చాలా సంస్థల షరతుల్లో ఉంటుంది. ఈ వాదనకు 1953 నాటి బూట్స్ కేసులో ఇంగ్లండ్ కోర్టు చెప్పిన సూత్రం ఆసరా. దుకాణంలో అరమీద ధర చీటీతో ఉన్న వస్తువు బేరానికి ఆహ్వానమే తప్ప ప్రతిపాదన కాదన్నది ఆ సూత్రం. అయితే ఆ దుకాణంలో కొనేవారు డబ్బు చెల్లించే చోటే ఒప్పందం పూర్తవుతుంది. ఆన్‌లైన్‌లో ఆ చెల్లింపు ముందే జరిగిపోతోంది. భారత ఒప్పందాల చట్టం 1872లో 8వ సెక్షన్ ఇక్కడ మనకు పనికొస్తుంది. ప్రతిపాదనతో పాటు ఇచ్చిన ప్రతిఫలాన్ని పుచ్చుకోవడమే అంగీకారమని అది చెబుతుంది. కామారెడ్డి బజారులో బయానా పుచ్చుకున్న సేటు మర్నాడు ధర మారిందంటే నలుగురిలో మాట పోతుంది. చట్టం చెప్పేదీ దాదాపు అదే. డబ్బు తీసుకుని, వచ్చే తేదీ చెప్పాక అంగీకారం ఇంకా మిగిలే ఉందనడం చెల్లదని నా అభిప్రాయం.

రెండో జవాబు, పొరపాటు. అదే ఒప్పందాల చట్టంలోని 22వ సెక్షన్ దీనికి సూటిగా అడ్డు నిలుస్తుంది. ఒక పక్షం మాత్రమే వాస్తవం విషయంలో పొరబడినంత మాత్రాన ఒప్పందం రద్దుకు వీలయ్యేది కాదని అది అంటుంది. ఇద్దరూ కీలకమైన వాస్తవంలో పొరబడితేనే 20వ సెక్షన్ ప్రకారం ఒప్పందం చెల్లదు. దీన్ని అక్షరాలా పట్టుకుంటే 68 రూపాయల ఐఫోన్ కూడా ఇవ్వాల్సిందే. అంత దూరం పోవడం న్యాయమని నేను అనుకోను. ఎదుటివాడి పొరపాటు తెలిసి తెలిసి దాన్ని అందిపుచ్చుకోవడాన్ని న్యాయస్థానాలు ఒప్పుకోవడం లేదు. 1939లో ఇంగ్లండ్‌లో హార్టోగ్ కేసులో కుందేలు చర్మాలకు ఒక్కోదానికి చెప్పాల్సిన ధరను పౌనుకు చెప్పారు. ఆ వ్యాపారంలో ధర ఎప్పుడూ చర్మం లెక్కనే ఉంటుందని కొనేవాడికి తెలుసు, కాబట్టి ఓడిపోయాడు. 2004లో సింగపూర్ హైకోర్టు ముందుకు డిజిలాండ్‌మాల్ కేసు వచ్చింది. ఉద్యోగుల శిక్షణ కోసం వేసిన 66 డాలర్ల ధర పొరపాటున అసలు పేజీలో పడి, 3,854 డాలర్ల ప్రింటర్లను ఆరుగురు కలిసి 1,606 ఆర్డరు చేశారు. అసలు ధర ఎంతో వెతికి చూసుకుని మరీ అంత పెద్ద సంఖ్యలో కొన్నారని తేలడంతో ఆ ఒప్పందాలు నిలవలేదు.

ఈ రెండు కేసుల్లోనూ తీర్పు తిరిగింది కొనేవారికి ఏం తెలుసు అన్న ప్రశ్న మీద. మన దగ్గర కూడా ప్రశ్న అదే కావాలి. కొనేవారికి తెలుసని రుజువు చేసే భారం అమ్మిన సంస్థదే కావాలి, ఎందుకంటే ధర ఎప్పుడు ఎక్కిందో, ఎవరు ఎక్కించారో, ఆ ధరకు ఎన్ని ఆర్డర్లు పడ్డాయో చూపే రికార్డంతా వాళ్ళ దగ్గరే ఉంది. 18,000 మోటారు 10,500కు కొన్న రైతుకు అది తప్పు ధర అని తెలిసి ఉండాలని వాదించడం ఏ సంస్థకైనా కష్టం.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఈ వాదనకు బలం ఇస్తుంది గానీ, కొన్ని మెలికలున్నాయి. తగ్గింపు ధరకు అమ్మే ఉద్దేశం లేకుండా ఆ ధరను ప్రకటించడం 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఎర చూపే ప్రకటనలను 2022 జూన్‌లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు కూడా కట్టడి చేశాయి. సహేతుక కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని తెంచేసుకునే షరతును 2(46) అనుచిత ఒప్పందం అంటుంది. అయితే అనుచిత ఒప్పందాల ఫిర్యాదులు వినే అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఉంది, జిల్లా కమిషన్‌కు లేదు. ఆ పేరుతో రాస్తే ఎల్లారెడ్డి మనిషి పది వేల రూపాయల గొడవకు హైదరాబాద్ వెళ్ళాలి. అందువల్ల జిల్లా స్థాయిలో ఫిర్యాదును సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి కింద రాసుకోవడమే తెలివైన పని.

2020 జులై 23న వచ్చిన ఈ-కామర్స్ నియమాల్లో ఇంకా పెద్ద ఖాళీ ఉంది. ఆర్డరు ఖరారు చేసుకున్నాక రద్దు చేసిన కొనుగోలుదారుపై రుసుము వేయాలంటే, తామే రద్దు చేసినప్పుడు కూడా అంతే రుసుము సంస్థ భరించాలని 4వ నియమం చెబుతుంది. చూడటానికి సమానత్వంలా ఉంది. రద్దు రుసుమే వసూలు చేయని సంస్థకు ఈ నియమంతో పని లేదు, అది ఎన్ని ఆర్డర్లయినా ఉచితంగా రద్దు చేసుకోవచ్చు. డబ్బు ఇరుక్కుపోవడం సంగతీ ఇంతే. చెల్లింపు విఫలమైన సందర్భాలకు రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో గడువులు పెట్టింది. దుకాణదారుకు చేరని యూపీఐ చెల్లింపు ఐదు రోజుల్లో వెనక్కి రాకపోతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలి. కంపెనీ తనంతట తాను రద్దు చేసిన ఆర్డరు 'విఫలమైన చెల్లింపు' కాదు కాబట్టి దానికి ఈ పరిహారం లేదు. బ్యాంకు సర్వర్ తప్పుకు రోజుకు వంద, అమ్మేవాడి తప్పుకు సున్నా. ఈ తేడాకు నాకు ఏ సమర్థనా కనిపించదు.

కాబట్టి కమిషన్ల ముందు అడగాల్సింది ఇది. ధర నమ్మదగినదిగా ఉంటే, అదే వస్తువును వేరేచోట కొనడానికి అయిన అదనపు ఖర్చు ఇప్పించాలి. ఒప్పందాల చట్టం 73వ సెక్షన్ చెప్పే నష్టం అదే. పై ఉదాహరణలో అది 7,500 రూపాయలు. దానికి మనోవేదన, ఖర్చులు కలుస్తాయి. ధర చూడగానే తప్పని తెలిసేంత తక్కువగా ఉంటే వస్తువు అడగకూడదు. డబ్బు అట్టిపెట్టుకున్న కాలానికి, కారణం చెప్పకుండా తిప్పినందుకు పరిహారం అడగాలి. ఒడిశా కేసును ఈ కొలతతో చూస్తే కమిషన్ చేరిన చోటు సబబే. కానీ పరిహారాన్ని మనోవేదన పద్దులో వేయడంతో తర్వాతి కేసులకు సూత్రం మిగల్లేదు. 2024లో ముంబైలో ఒక ఐఫోన్ ఆర్డరు రద్దు చేసినందుకు ఫ్లిప్‌కార్ట్‌పై వచ్చిన 10,000 రూపాయల ఆదేశానిదీ అదే తీరు.

ఎక్కడ అడగాలన్నది ఇప్పుడు మునుపటంత కష్టం కాదు. 1986 నాటి పాత వినియోగదారుల చట్టం కింద ఎదుటి పక్షం వ్యాపారం చేసే చోటో, వివాదం పుట్టిన చోటో కేసు వేయాలి. బెంగళూరు కంపెనీ మీద ఎల్లారెడ్డి నుంచి కేసు అంటే ముందు ఆ గొడవే తేలేది కాదు. 2019 చట్టం 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివాసం ఉన్న జిల్లాలోనే వేయనిచ్చింది. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి వేరే జిల్లా కావడానికి ముందు నుంచీ ఈ ప్రాంత వివాదాలు నిజామాబాద్ ఫోరానికే వెళ్ళేవి, కాబట్టి ఇప్పుడు ఏ కమిషన్ వింటుందో ముందే కనుక్కోవాలి. ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, వీడియో ద్వారా విచారణకు వీలుంది. గడువు రెండేళ్ళు. ముందుగా సంస్థ ఫిర్యాదుల అధికారికి రాస్తే 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలో పరిష్కరించాలి. 1915 హెల్ప్‌లైన్‌కు చెప్పుకోవడం వేరుగా చేయొచ్చు.

నిలబెట్టేది మాత్రం ఆధారాలే. రద్దయ్యాక ఆర్డరు పేజీలో పాత ధర కనిపించకపోవచ్చు. అందుకే డబ్బు కట్టిన రోజే ధర, అందే తేదీ, ఆర్డరు నంబరు కనిపించేలా తెర ఫొటో తీసి పెట్టుకోవాలి. యూపీఐ యాప్‌లో కనిపించే 12 అంకెల లావాదేవీ నంబరు, రద్దు సందేశం, మళ్ళీ కొన్న దుకాణం జీఎస్టీ బిల్లు కూడా ఉండాలి. రద్దయిన తర్వాత అదే వస్తువు అదే పేజీలో ఎక్కువ ధరకు అమ్ముతుంటే దాని ఫొటో ఇంకా బలమైన సాక్ష్యం. సరుకు లేక రద్దు చేశామన్న వాదనను అది నిలువనీయదు. ఒకే తప్పు ధరకు వందల మంది ఆర్డర్లు రద్దయితే 2019 చట్టం 35వ సెక్షన్ కింద కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒక్కరే ఫిర్యాదు వేయవచ్చు. అలాంటి కేసులో, ఆ ధర ఎన్ని గంటలు తెర మీద ఉంది, ఆ ధరకు ఎవరికైనా సరుకు పంపారా అన్న వివరాలు దాఖలు చేయమని సంస్థను కమిషన్ ద్వారా అడిగించాలి. కొందరికి పంపి, ఎల్లారెడ్డి లాంటి ఊళ్ళ ఆర్డర్లు మాత్రం రద్దు చేశారని ఆ రికార్డులో తేలితే, పొరపాటు అన్న మాటే అక్కడ నిలవదు.