పేరడగని సిస్టరమ్మ

ఒరే, ఆ తాలుకాయ మంటలో వెయ్యమాకండ్రా, కోరెక్కి కల్లమంతా దగ్గుతో చస్తాం. పత్తికట్టె వెయ్యండి. తెల్లారేదాకా మిరపకాయకి కాపలా ఉండాలి గదా, ఓ ముచ్చట చెప్తా.

అమ్మడూ, నువ్వు నర్సింగులో చేరతానంటే మీ నాయన మొహం ముడిచాడు. నే చెప్పేది జరిగినప్పుడు వాడికి అయిదేళ్ళు, వాడికేం గుర్తుంటది! అది 1987. తెల్లదోమ ఏడాది. గుంటూరు జిల్లా, ప్రకాశం జిల్లా, ఎక్కడ చూసినా పత్తాకు మసిపట్టి నల్లగా ఉండేది. మందు కొట్టేకొద్దీ దోమ పెరిగేది. దోమను తినే పురుగులు ముందే చచ్చాయని తర్వాత తెలిసింది. ఏ మందు కొట్టాలో చెప్పేదీ, ఆ మందు అప్పిచ్చేదీ ఒకే కొట్టాయన. ఇంకేం చెప్తాడు?

మీ చిన్నతాత ఎదురుగాలికి మోనోక్రోటోఫాస్ కొట్టాడు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదాడు. అందరం అట్టనే ఊదేవాళ్ళం. మధ్యాహ్నానికి నోట్లో నురగ, ఒళ్ళంతా చెమట, కంటిపాప ఆవగింజంత. ఈ 108 బళ్ళు 2005లో గదా వచ్చింది! ట్రాక్టరు ట్రక్కులో వరిగడ్డి పరిచి పడుకోబెట్టాం. దారిలో ఒక డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, పెదవి విరిచాడు. చిలకలూరిపేట మీదుగా గుంటూరు పెద్దాసుపత్రికి చేరేసరికి చీకటి పడింది.

వార్డులో సిస్టరమ్మ మా ఏడుపు వినలేదు. "ముందు ఆ బట్టలు విప్పండి, సబ్బు తెండి" అంది. మందు చర్మంలోంచి కూడా దిగుతదంట. తలతో సహా రుద్ది కడిగించింది. డాక్టరుగారు చూసి, విరుగుడుకి అట్రోపిన్ రాసి, పక్క మంచానికి పోయారు. ఆయన్నేం అనను, వార్డు నిండా ఇట్టాంటి వాళ్ళే. కొందరు కొడతా పడినోళ్ళు, కొందరు అప్పులకి తాళలేక తాగినోళ్ళు. తాగినోడి గురించి ఎవరో గుసగుసలాడితే, "మంచం మీద ఇద్దరూ ఒకటే, బయటికి పొండి" అని కసిరింది.

ఆ రాత్రి ఆమె కూర్చోలేదు. అట్రోపిన్ గాజుబుడ్లు మీరు చూసే ఉంటారు, చిటికెనవేలంత. ఒక్కోదాంట్లో 1 మిల్లీలీటరే. మెడ విరవడం, సూదిలోకి లాగడం, ఎక్కించడం, టార్చీ వేసి కంటిపాప చూడటం, నాడి చూడటం, మళ్ళీ విరవడం. తెల్లారేసరికి ట్రేలో గాజుపెంకులు కుప్ప పడ్డాయి. ఆమె బొటనవేలికి, చూపుడువేలికి గాట్లు. దూది చుట్టుకుని మళ్ళీ విరిచింది.

ఆ అట్రోపిన్ తలకెక్కి మీ చిన్నతాత ఏం చేశాడో తెలుసా? గాల్లో పత్తి తీశాడు. వేళ్ళతో తీయడం, ఒళ్ళో వేసుకోవడం. సిస్టరమ్మను నోటికొచ్చినట్టు తిట్టాడు కూడా. ఆమె నవ్వి, "తీయనీయండి, మందు పనిచేస్తంది" అంది.

గండం గడిచిందనుకున్నాం. ఆమె అనుకోలేదు. డ్యూటీకి వచ్చినప్పుడల్లా "తల ఎత్తు నాయనా" అనేది. మాకు అర్థంకాలా. రెండో రోజో మూడో రోజో మెడ వాలితే, ఆ వెనకే ఊపిరి పడిపోద్దంట. శ్రీలంక డాక్టర్లు ఆ సంగతి రాసింది కూడా ఆ ఏడే, 1987లో. మా వాడు తల ఎత్తాడు. పక్క మంచం కుర్రాడు ఎత్తలేకపోయాడు. ఆమె డాక్టరు కోసం పరిగెత్తిన చప్పుడు నాకు ఇప్పటికీ వినపడతది.

నర్సు పేరు ఎవరికీ పట్టకపోవడం గుంటూరులో కొత్త కాదులే. 1883లో అన్నా సారా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి వచ్చింది, 1898లో ఆసుపత్రి తెరిచింది. కుగ్లర్ ఆసుపత్రంటే ఎవరైనా చెప్తారు. ఆమె పక్కన పనిచేసిన నర్సు కేథరిన్ ఫాస్ అని, ఎంతమందికి తెలుసు?

ఊళ్ళోవాళ్ళననేముంది, నేనూ అంతే. ఇంటికి పంపిన రోజు డాక్టరుగారి కాళ్ళకి దండం పెట్టాం, కాయ మంచిది చూసి బస్తా ఇచ్చాం. సిస్టరమ్మది రాత్రి డ్యూటీ, పొద్దున్నే వెళ్ళిపోయింది. మరుసటేడు కాయ తీసుకుని మళ్ళీ పోతే, వార్డులో ఇంకో సిస్టరు "ఏ సిస్టరు కోసం, పేరేంటి" అనడిగింది. చేతికి దూది చుట్టుకున్నామె అన్నా.

మొన్న సంక్రాంతికి మీ చిన్నతాత వచ్చి అరిసెలు తిని పోయాడు గదా. ఆమె పేరు వాడికీ తెలీదు.