వాహనమూ వివాహమూ: కేసముద్రం ప్రాంత చరిత్ర నుంచి ఒక పరిశీలన

మగవాడు ఎక్కే వాహనాన్ని బట్టి ఆడపిల్ల అతన్ని మెచ్చుకుంటుందా అనే ప్రశ్న ఈనాడు కాలేజీ విద్యార్థుల మధ్య వేళాకోళంగా మొదలై వాదోపవాదాల దాకా పోతున్నది. కారున్నవాడికే పిల్ల దొరుకుతుందని ఒక పక్షం. ప్రేమకు బండితో పనేమిటని ఇంకొక పక్షం. అయితే ఉభయ పక్షాలవారూ రెండు విషయాలను పరీక్షించకుండానే అంగీకరిస్తున్నారు. బండి కొనేది మగవాడనీ, చూసి ఎంచుకునేది ఆడపిల్ల అనీ అనుకుంటున్నారు. మన సమాజానికి ఈ రెండూ ఎంతవరకు వర్తిస్తాయో చూడవలసి వున్నది.

పాశ్చాత్య దేశాలలో ఈ ప్రశ్నను ప్రయోగశాలలోకి కూడా తీసుకుపోయారు. 2010లో బ్రిటన్‌కు చెందిన డన్, సెర్ల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక మనిషినే ఖరీదైన బెంట్లీ కారులో ఒకసారి, సాధారణమైన ఫోర్డ్ ఫియెస్టాలో ఒకసారి కూర్చోబెట్టి ఫోటోలు తీసి చూపారు. స్త్రీలు బెంట్లీలో వున్నప్పుడే అతను ఎక్కువ అందంగా వున్నాడన్నారు. స్త్రీ ఫోటోలు చూసిన పురుషుల తీర్పులో మాత్రం కారు వల్ల తేడా రాలేదు. 2011లో అమెరికాలో వెలువడిన మరొక పరిశోధనలో పోర్షే కారు కొన్నవాణ్ణి స్త్రీలు నాలుగు రోజుల స్నేహానికి మెచ్చారు గాని, పెళ్ళాడటానికి మామూలు హోండా కొన్నవాడికన్నా మేలని అనలేదు. ఈ ఫలితాలను తోసిపుచ్చనక్కరలేదు. కాని ఆ ఫోటోలో కనిపించని సంగతి ఒకటి వున్నది. ఆ కారుకు డబ్బు ఎవరు పెట్టారు? మన ప్రాంతంలో ఆ సంగతి తేల్చకుండా మిగతాది మాట్లాడటానికి వీలులేదు.

కేసముద్రాన్నే తీసుకుందాం. వరంగల్లు, మానుకోటల మధ్య రైలుదారి మీద వున్న వూరు ఇది. 2016లో ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో చేరింది. మక్కలు, పసుపు, ధాన్యం అమ్ముకునే పెద్ద మార్కెట్టు వల్ల చుట్టుపక్కల పల్లెలకూ తండాలకూ కేంద్రమైంది.

నిజాం పాలనలో ఈ చుట్టుపక్కల వాహనం అంటే దొరది. మేనా, పల్లకి, కచ్చురం బండి గడికి సంబంధించిన వస్తువులు. మేనాను బోయీలు భుజాల మీద మైళ్ళ కొద్దీ మోసేవారు. దొర బండి కడితే దాని ముందూ వెనుకా మనుషులు పరుగెత్తవలసి వుండేది. ఇదంతా వెట్టి. గడి ముందునుంచి పోయే పేదవాడు చెప్పులు విడిచి చేతపట్టుకోవలసిందే, బండి ఎక్కి వున్నవాడు దిగవలసిందే. అటువంటి వాహనం ఎవరి మనసునూ గెలవలేదు, గెలవవలసిన అవసరమూ దానికి లేదు. దొరబిడ్డ అత్తవారింటికి పోయేటప్పుడు వెంట ఆడబాపను కూడా పంపేవారు. అనగా కట్నంలో మనిషే ఒక వస్తువు. మానుకోట సమీపంలోని చిన్నగూడూరుకు చెందిన దాశరథి రంగాచార్య 1969లో ప్రచురించిన 'చిల్లర దేవుళ్ళు' నవలలో ఆడబాపల బతుకును చిత్రించారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత చెలరేగిన సాయుధ పోరాటం భూమి కోసమూ, వెట్టి రద్దు కోసమూ జరిగింది. దొర బండి ముందు పరుగెత్తకుండా నిలబడే హక్కు కూడా ఆ పోరాటంలో భాగమే.

అదే కాలంలో, అదే నేల మీద, ఇంకొక జనానికి వాహనంతో వేరే సంబంధం వుండేది. 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి మహబూబాబాద్ జిల్లా జనంలో మూడోవంతుకు పైగా షెడ్యూల్డు తెగలవారే; వారిలో లంబాడీలదే అధిక సంఖ్య. పూర్వం వారి వృత్తే రవాణా. ఎడ్ల మందల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కనంతా తిరిగేవారు; మొగలు సైన్యాలకూ, 1791-92 మైసూరు యుద్ధంలో కారన్‌వాలిస్ సైన్యానికీ తిండిగింజలు మోసినవారు వారే. ఎద్దు వారికి వాహనమూ, పెట్టుబడీ కూడా. లంబాడీల పెళ్ళిలో పిల్లవాని పక్షం వారు పిల్ల తండ్రికి ఎడ్లూ రొక్కమూ చెల్లించుకునేవారు. పెళ్ళికూతురు ఎద్దు మీద నిలబడి పుట్టింటిని తలుచుకుంటూ పాట పాడి సెలవు తీసుకునేది. అక్కడ వాహనం పెళ్ళికొడుకు ఇంటినుంచి పెళ్ళికూతురి పుట్టింటికి నడిచింది.

ఇంతమాత్రాన ఓలిని స్త్రీ స్వేచ్ఛకు గుర్తుగా భావించి మురిసిపోనక్కరలేదు. అది ఒక కష్టజీవి ఇంటినుంచి ఇంకొక కష్టజీవి ఇంటికి పోతున్నందుకు చెల్లించిన వెల. ఆమె ఇష్టాన్ని అడిగేవారు తక్కువ. అగ్రవర్ణాలలో పసిపిల్లలను ముసలివాళ్ళకు అమ్మిన కన్యాశుల్కం ఎంత దారుణమో గురజాడ 1892లోనే రంగస్థలం మీద చూపించాడు. మనకు ఇక్కడ ముఖ్యమైనది ఒక్కటే. పిల్లకు వెల వున్న కులాల్లోనే, కొద్ది తరాలలో, పిల్లవానికి వెల వచ్చింది. ఆ మార్పు ఎట్లా జరిగింది?

నిజాం గ్యారంటీడు స్టేటు రైల్వే సికిందరాబాదు నుంచి 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. కేసముద్రం మీదుగా పొగబండి నడిచింది. ఎడ్ల మంద నెలల తరబడి మోసే సరుకు వాగన్లలో రోజుల్లో పోయింది. అప్పటికే సన్నగిల్లుతున్న లంబాడీల రవాణా వృత్తికి దెబ్బ మీద దెబ్బ తగిలింది. వారు అడవి అంచున తండాలు కట్టుకుని వ్యవసాయంలోకి, కూలిలోకి దిగారు. ఎద్దు వాహనంగా విలువ కోల్పోయి నాగలికి పరిమితమైంది. 1976 నాటి సవరణ చట్టం తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది. దానితో చదువూ, సర్కారు కొలువూ కొందరికి అందాయి. అది న్యాయమైన హక్కు. కాని కొలువు దొరికినది ముఖ్యంగా మగపిల్లలకు. కొలువున్నవాని చుట్టూ పిల్లల తండ్రులు మూగారు. పక్కనున్న భూస్వామ్య కులాల ఆచారం ఆదర్శమై కూచున్నది. ఓలి పోయి కట్నం వచ్చింది. ఎడ్లు నడిచిన దారిలోనే మోటారు సైకిలు ఎదురు దిశలో నడిచింది.

మిగతా కులాలలో ఈ నడక ముందే మొదలైంది. అలకపాన్పు ఎక్కిన అల్లుడు ఒకప్పుడు ఉంగరం అడిగాడు, తరువాత చేతి గడియారం, ఆ తరువాత సైకిలు, ఆపైన స్కూటరు. 1972లో బజాజ్ చేతక్ వచ్చింది. లైసెన్సుల కాలంలో ఉత్పత్తి తక్కువ, గిరాకీ ఎక్కువ గనుక స్కూటరు కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసి వుండేది. సరుకు కరువైన కొద్దీ పెళ్ళి సంతలో దాని గౌరవం పెరిగింది. 1983 డిసెంబరులో మారుతి కారూ, 1985లో హీరో హోండా మోటారు సైకిలూ వచ్చాయి. 1991 తరువాత వాయిదాల అప్పులు విస్తరించి కరువు తీరింది. అయినా కట్నం తగ్గలేదు. స్కూటరు అడిగినవాడి కొడుకు కారు అడుగుతున్నాడు. దీన్నిబట్టి ఈ రోగం వస్తువు కొరత వల్ల వచ్చింది కాదని స్పష్టమవుతున్నది.

చట్టం లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ 1958లోనే కట్న నిషేధ చట్టం చేసింది; కేంద్ర చట్టం 1961 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. కాని పెళ్ళికి ప్రతిఫలంగా ఇచ్చినదే కట్నమనీ, ప్రీతితో ఇచ్చిన కానుక కాదనీ ఆ చట్టమే ఒక కిటికీ తెరిచింది. కారు ఆ కిటికీలోంచి దూరింది. 1984 సవరణ తరువాత అడగకుండా ఇచ్చిన కానుకలకు జాబితా రాయాలన్నారు. కానుక విలువ ఇచ్చేవారి ఆర్థిక స్థితిని మించరాదన్నారు. చేను అమ్మి కొన్న కారు ఎవరి స్థితికి తగిన కానుక?

ఇక "ఆడపిల్లలు కూడా బండిని చూస్తున్నారు గదా" అనే ఆక్షేపణ. చూస్తున్నారు, నిజమే. ఎందుకు చూస్తున్నారన్నదే ప్రశ్న. తండ్రి చేనులో వాటా చేతికిరానిది, పొద్దుగూకిన తరువాత ఒంటరిగా బయటికి పోరానిది, తన బతుకు ఎటు పోతుందో మగవాని స్థితిని బట్టి లెక్క వేసుకోక ఏం చేస్తుంది? బండి ఆమెకు ఆ స్థితి తాలూకు గుర్తు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటాను ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు నుంచి, కేంద్రం 2005లో ఇచ్చాయి. కాని హిందూ వారసత్వ చట్టం రెండవ సెక్షను ప్రకారం షెడ్యూల్డు తెగలకు అది వర్తించదు. తండాలోని ఆడపిల్లకు కట్నం బాధ ఇతరులతో సమానంగా వచ్చింది, వారసత్వపు హక్కు మాత్రం సమానంగా రాలేదు.

మరొక వైపు, యువతీ యువకులు నిజంగా ఒకరినొకరు ఎరిగే చోటు సొంత కారు కాదు. వరంగల్లు చదువులకు పోయే రైలుపెట్టె, ఆర్టీసీ బస్సు. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో మొదలుపెట్టిన రవాణా శాఖకు వారసురాలైన ఆ బస్సులో 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ స్త్రీలకు టిక్కెట్టు లేదు. పక్కపక్కన కూచున్నవారు పరస్పరం మెచ్చుకోవచ్చు. అయితే ఆ మెప్పు పెళ్ళి దాకా పోకుండా ఆపేది బండి లేకపోవడం కన్నా ఎక్కువగా కులమే. కారున్నా కులం వేరైతే తలుపు తెరుచుకోదు. కులం కలిస్తే, పిల్లవానికి కారు లేకపోతే, పిల్ల తండ్రి కొనిస్తాడు.

కాబట్టి మగవాని వాహనం అతని ప్రేమను ప్రభావితం చేస్తుందా అన్న ప్రశ్నను మన దగ్గర తలకిందులు చేసి అడగాలి. అతని పెళ్ళి అతని వాహనాన్ని ఎట్లా సంపాదించి పెట్టింది? ఈ చరిత్ర ఏ దఫ్తరులోనూ దొరకదు. చట్టం రాయమన్న కానుకల జాబితాలు చాలా ఇళ్ళలో రాయనే లేదు. అది అమ్మల, అమ్మమ్మల జ్ఞాపకంలో వున్నది. ప్రతి విద్యార్థీ ఈ సెలవుల్లో తన ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. ఎవరి పెళ్ళికి ఏ బండి వచ్చింది, దానికోసం ఏ చేను పోయింది, ఆ బండి ఎక్కడానికి ఆమెకు ఎప్పుడైనా తాళం చెవి ఇచ్చారా అని అడిగి రాసుకోవాలి. ఆ కాగితాలు చేతికి వచ్చిన తరువాత మన వాదోపవాదాలకు ఒక పునాది ఏర్పడుతుంది.